స్టూడియో డిస్కులు, తెరుచుకోని ట్రే

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా దేవరకొండ. మా నాయన ఫోటో స్టూడియో నడిపిన కాలంలో తీసిన పెండ్లి వీడియోలు, ఫోటోలు, కురుమూర్తి జాతరలో రికార్డు చేసిన పాటలు ఇనుప పెట్టెల నిండా సీడీలు, డీవీడీలుగా ఉన్నాయి. వాటన్నింటినీ హార్డ్ డిస్కులోకి ఎక్కించాలని పని మొదలుపెట్టాను. నా కంప్యూటర్‌లో లినక్స్ ఉంది, యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ తగిలించాను. డిస్కు చూసిన తర్వాత అన్‌మౌంట్ చేయబోతే ‘టార్గెట్ ఈజ్ బిజీ’ అని వస్తుంది, బటన్ నొక్కినా ట్రే రాదు. తమ్ముడు వైరు పీకేయమంటాడు. కొన్ని డిస్కులు అసలు మౌంటే కావడం లేదు. కొన్నింటిలో తెలుగు ఫోల్డర్ పేర్లు ప్రశ్నార్థకాలుగా కనిపిస్తున్నాయి. తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఫ్రీబీఎస్‌డీ ఉంది, అక్కడ నా కమాండ్లు పనిచేయవు. ఎక్కడి నుంచి సరిచేసుకోవాలో చెప్పగలరు.
— ఒక పాఠకురాలు, దేవరకొండ

సమాధానం: అమ్మా, మొదట వైరు సంగతి చెబుతాను, ఎందుకంటే మీరడిగిన మిగిలినవన్నీ రేపటిదాకా ఆగగలవు గాని అది ఆగదు. డిస్కు మౌంట్ అయి ఉండగా యూఎస్‌బీ వైరు పీకవద్దు. మీ డిస్కులు చదవడానికి మాత్రమే వీలున్నవి కనుక వైరు పీకినంత మాత్రాన వాటిలోని పెండ్లి వీడియో చెరిగిపోదు, ఆ భయం అక్కరలేదు. కాని కెర్నెల్ (కంప్యూటర్‌లోని పరికరాలను నడిపే లినక్స్ మూల భాగం) లెక్కలో ఆ మౌంట్ ఇంకా మిగిలే ఉంటుంది, దానిని వాడుతున్న ప్రోగ్రాములు వరుసగా రీడ్ ఎర్రర్లు చూపుతాయి, మళ్లీ వైరు తగిలించినప్పుడు అదే డ్రైవ్ ‘ఎస్ఆర్0’ బదులు ‘ఎస్ఆర్1’ అనే పేరుతో రావచ్చు, అప్పుడు పాత పేరుకే కమాండ్లు ఇస్తూ డ్రైవ్ చెడిపోయిందని మీరు అనుకునే ప్రమాదం ఉంది. అంతకన్నా ముఖ్యంగా, అదే అలవాటు రేపు మీ కాపీలన్నీ దాచుకొనే బయటి హార్డ్ డిస్కు దగ్గర కూడా వస్తుంది. అక్కడ రాయవలసిన సమాచారంలో కొంత భాగం మెమరీలోనే ఉండగా వైరు పీకితే నిజంగానే ఫైళ్లు పోతాయి.

ఇకపై రాసే కమాండ్లను పలికే తీరులో తెలుగు లిపిలో ఇస్తున్నాను. కీబోర్డు మీద వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో కొట్టాలి, అన్‌మౌంట్ చేసే కమాండ్‌లో ‘యూ’ తర్వాత ‘ఎన్’ ఉండదు కనుక దానిని ‘యూమౌంట్’ అని రాస్తాను.

లినక్స్, ఫ్రీబీఎస్‌డీ వంటి యూనిక్స్ తరహా వ్యవస్థలలో విండోస్‌లో ఉన్నట్టు డీ డ్రైవ్, ఈ డ్రైవ్ అని వేర్వేరు మొదళ్లు ఉండవు. కంప్యూటర్‌లో ఉన్నదంతా ఒకే డైరెక్టరీ చెట్టు, మౌంట్ చేయడమంటే డిస్కులోని పై డైరెక్టరీని ఆ చెట్టులోని ఒక ఖాళీ డైరెక్టరీ దగ్గర కలపడం. కలిపిన క్షణం నుంచి కెర్నెల్ ఆ డిస్కులోని డైరెక్టరీల పట్టికను, చదివిన భాగాలను మెమరీలో ఉంచుకొని, మీ ప్రోగ్రాములు అడిగినప్పుడల్లా అక్కడి నుంచే జవాబు చెబుతూ ఉంటుంది. ఈ మధ్యలో మీరు డిస్కు మార్చేస్తే, ఒక పెండ్లి డిస్కు పట్టిక మెమరీలో, మరో పెండ్లి డిస్కు డ్రైవ్‌లో ఉండి, ఒకరి ఫైలు పేరుతో మరొకరి ఫైలు ముక్కలు చదవబడే పరిస్థితి వస్తుంది. దానిని నివారించడానికే మౌంట్ జరిగినప్పుడు ట్రేకు తాళం పడుతుంది. చదవడానికి మాత్రమే వీలున్న డిస్కును కూడా అన్‌మౌంట్ ఎందుకు చేయాలని చాలామంది అడుగుతారు, కారణం ఇదే. కొన్ని కొత్త లినక్స్‌లలో బటన్ నొక్కగానే వ్యవస్థే కలుగజేసుకొని ట్రేను బయటికి పంపుతుంది. మీ దగ్గర అలా జరిగినా దానిని నమ్ముకోకుండా ముందు అన్‌మౌంట్ చేయడమే మంచిది.

ఇప్పుడు ‘టార్గెట్ ఈజ్ బిజీ’ అనే సందేశం. గదిలో మనుషులు ఉండగా బయటి నుంచి తాళం వేయనట్టే, ఎవరో ఒకరు డిస్కులో ఉన్నంతసేపు కెర్నెల్ దానిని విడదీయదు. కనుక అక్కడ బలం ఉపయోగించవలసిన అవసరం లేదు, ఎవరున్నారో కనుక్కుంటే చాలు. నా అనుభవంలో అన్నింటికన్నా ఎక్కువసార్లు దొరికేది మీ టెర్మినలే. డిస్కులో ఏముందో చూడడానికి ‘సీడీ’ కమాండ్‌తో దాని డైరెక్టరీలోకి వెళ్లి, అక్కడే నిలబడి ‘యూమౌంట్’ కొడతారు. ఏ ఫైలూ తెరవకపోయినా, ఒక షెల్ (టెర్మినల్‌లో మీ కమాండ్లను అందుకొనే ప్రోగ్రామ్) ప్రస్తుత డైరెక్టరీ ఆ డిస్కులో ఉండడమే దానిని పట్టి ఉంచడానికి చాలు. వట్టి ‘సీడీ’ అని కొట్టి మీ హోమ్ డైరెక్టరీకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి, వెనుక ఎక్కడో తెరిచి మరిచిపోయిన రెండో టెర్మినల్ ట్యాబును కూడా చూడండి. ఆ తర్వాత అనుమానించవలసినవి ఆపి వదిలేసిన వీడియో ప్లేయర్, ఫోటోలకు చిన్న బొమ్మలు తయారుచేస్తున్న ఫైల్ మేనేజర్.

అప్పటికీ తెలియకపోతే, మీరు డిస్కును మౌంట్ చేసిన డైరెక్టరీ ‘/ఎంఎన్‌టీ/సీడీ’ అనుకుందాం, ‘ఫ్యూజర్ -వీఎం /ఎంఎన్‌టీ/సీడీ’ అని కొడితే ఆ మౌంట్‌ను వాడుతున్న ప్రోగ్రాముల పేర్లు, వాటి ప్రాసెస్ సంఖ్యలు వస్తాయి. ‘ఎల్ఎస్ఓఎఫ్ /ఎంఎన్‌టీ/సీడీ’ కూడా అదే పని చేస్తుంది. వేరే వాడుకరి నడుపుతున్న ప్రోగ్రాములు కూడా కనిపించాలంటే కమాండ్‌ను రూట్, అంటే వ్యవస్థ నిర్వాహకుడి హక్కులతో నడిపే ‘సుడో’ను ముందు చేర్చాలి. ఇక్కడ ఒక హెచ్చరికను మనసులో గట్టిగా పెట్టుకోండి. ఫ్యూజర్‌కు ‘-కే’ చేర్చితే అది చూపిన ప్రోగ్రాములన్నింటినీ చంపేస్తుంది, ‘-ఎం’ తర్వాత మీరిచ్చిన డైరెక్టరీ దగ్గర ఆ సమయానికి ఏదీ మౌంట్ అయి లేకపోతే ఆ డైరెక్టరీ ఏ ఫైల్ సిస్టమ్‌లో (డిస్కు మీద ఫైళ్లను అమర్చిన ఏర్పాటులో) ఉందో, అంటే సాధారణంగా మీ మొత్తం లినక్స్ ఉన్న ఫైల్ సిస్టమ్‌నే, అది లెక్కలోకి తీసుకుంటుంది. ఆ రెండూ కలిసి, పైగా సుడో కూడా తోడైతే డెస్క్‌టాప్ మొత్తం కూలిపోతుంది. తప్పనిసరై ‘-కే’ వాడవలసి వస్తే, నిజంగా మౌంట్ అయిన చోటైతేనే పని చేయమని చెప్పే పెద్ద అక్షరం ‘-ఎం’ కూడా ఇవ్వండి.

అంతర్జాలంలో వెతికితే ‘యూమౌంట్ -ఎల్’ వాడమనే సలహా తప్పకుండా కనిపిస్తుంది. దయచేసి దానిని ఈ పనికి వాడవద్దు. అది డైరెక్టరీ చెట్టు నుంచి డిస్కు పేరును వెంటనే తొలగిస్తుంది గాని, ఫైలు తెరిచి ఉంచిన ప్రోగ్రామ్ దానిని వదిలే దాకా డిస్కు పట్టులోనే ఉంటుంది. ట్రే అప్పటికీ రాదు, పైగా ఎవరు పట్టుకున్నారో ఇదివరకటిలా వెతకడానికి ఆ డైరెక్టరీ పేరు కూడా మిగలదు. ‘-ఎఫ్’ అనేది ముఖ్యంగా నెట్‌వర్క్ మీది సర్వర్ జవాబివ్వనప్పటి కోసం ఉన్నది, మీ డీవీడీకి దానితో పనిలేదు.

బిజీ అన్న సందేశం లేకుండా అన్‌మౌంట్ చక్కగా జరిగిపోయి, అయినా ట్రే రాకపోతే డిస్కు రెండు చోట్ల మౌంట్ అయి ఉందేమో చూడండి. డిస్కు పెట్టగానే డెస్క్‌టాప్ దానిని తనంతట తాను ‘/మీడియా’ కిందనో ‘/రన్/మీడియా’ కిందనో మౌంట్ చేస్తుంది, ఆ సంగతి తెలియక మీరు ‘/ఎంఎన్‌టీ/సీడీ’ దగ్గర మరోసారి మౌంట్ చేసి, చివర మీ మౌంట్‌ను మాత్రమే తీసేస్తారు. ‘ఫైండ్‌ఎంఎన్‌టీ /డెవ్/ఎస్ఆర్0’ అని కొడితే ఆ డ్రైవ్ ఎక్కడెక్కడ మౌంట్ అయిందో అన్నీ కనిపిస్తాయి. ఇంత పెద్ద పని పెట్టుకున్నారు కనుక డెస్క్‌టాప్ సెట్టింగులలో ఆటో మౌంట్‌ను ఆపివేయమని నా సలహా. ‘ఇజెక్ట్’ కమాండ్ అయితే ముందు అన్‌మౌంట్ చేసి తర్వాతే ట్రే తెరుస్తుంది కనుక రోజువారీ పనికి అదొక్కటి చాలు. డ్రైవ్ ముందు భాగంలోని సన్నని రంధ్రంలో పిన్ను గుచ్చడం డ్రైవ్‌కు కరెంటు తీసేసిన తర్వాత, ఇక ఏ దారీ లేనప్పుడు మాత్రమే చేయవలసిన పని.

మౌంట్ కాని డిస్కుల విషయంలో ఒకే సందేశం వెనుక వేర్వేరు కారణాలు ఉంటాయి, అందుకే కొంచెం ఓపికగా వేరుచేసుకోవాలి. మౌంట్ చేయడానికి ‘సుడో మౌంట్ -ఓ ఆర్ఓ /డెవ్/ఎస్ఆర్0 /ఎంఎన్‌టీ/సీడీ’ సరిపోతుంది. ‘ఆర్ఓ’ ఇవ్వకపోతే డిస్కు మీద రాయడం కుదరదు కనుక చదవడానికి మాత్రమే మౌంట్ చేశానని ఒక హెచ్చరిక వస్తుంది, అది లోపం కాదు. ఫైల్ సిస్టమ్ రకాన్ని లినక్స్ తానే గుర్తిస్తుంది. సీడీలలో ఎక్కువగా ఉండేది 1988లో ప్రమాణంగా వచ్చిన ఐఎస్ఓ 9660, డీవీడీ వీడియోలలో ఉండేది యూడీఎఫ్, దాని పక్కనే ఐఎస్ఓ 9660 పట్టిక కూడా ఉంటుంది. గుర్తింపు కుదరక ‘రాంగ్ ఎఫ్ఎస్ టైప్’ అని వస్తే ‘బీఎల్‌కేఐడీ /డెవ్/ఎస్ఆర్0’ ఏం చెబుతుందో, కెర్నెల్ సందేశాలు చూపే ‘డీఎంఈఎస్‌జీ’ చివరి వరుసలలో ఏముందో చూడండి.

మీ కురుమూర్తి జాతర పాటల డిస్కులు మామూలు సీడీ ప్లేయర్‌లో పాడే ఆడియో సీడీలైతే అవి ఎన్నటికీ మౌంట్ కావు, అది వాటి లోపం కాదు. ఆడియో సీడీలో ఫైల్ సిస్టమే ఉండదు, సెకనుకు 44,100 నమూనాల చొప్పున శబ్దం నేరుగా ట్రాకులుగా రాసి ఉంటుంది. వాటిని ‘సీడీపారనోయా -బీ’ తో (ఇక్కడ ‘బీ’ పెద్ద అక్షరం) ట్రాకుకు ఒక ఫైలు చొప్పున బయటికి తీయాలి. గీతలు పడిన చోట అది మళ్లీ మళ్లీ చదివి సరిచూసుకుంటుంది కనుక నెమ్మదిగా సాగుతుంది, సాగనివ్వండి. ఆ పాటలకు మరో ప్రతి ఎక్కడా లేకపోవచ్చు కనుక ఈ డిస్కులనే ముందు చేయండి.

రెండో కారణం చిన్న డీవీడీలు. ఒక కాలంలో 8 సెంటీమీటర్ల డిస్కు మీద నేరుగా రికార్డు చేసే హ్యాండీక్యామ్‌లు వచ్చాయి, వాటిలో తీసిన డిస్కును చివర ఫైనలైజ్ చేయకపోతే, అంటే రికార్డింగును ముగించి మూసివేయకపోతే, ఇతర యంత్రాలకు అందులో ఫైల్ సిస్టమ్ కనిపించదు. ఆ కెమెరా ఇంట్లో ఉండి పనిచేస్తూ ఉంటే డిస్కును అందులోనే పెట్టి ఫైనలైజ్ చేయడం అన్నింటికన్నా సులువైన మార్గం. మూడోది, ఫోటోలను విడతలు విడతలుగా ఎక్కించిన సీడీలు. లినక్స్ వాటిలో చివరి సెషన్‌నే మౌంట్ చేస్తుంది. రెండోసారి రాసినప్పుడు పాత ఫైళ్ల పట్టికను కలుపుకోకపోతే, వరపూజ ఫోటోలు పోయి బరాత్ ఫోటోలు మాత్రమే మిగిలినట్టు కనిపిస్తుంది. అవి పోలేదు, ‘-ఓ సెషన్=’ తర్వాత సెషన్ సంఖ్య ఇచ్చి మౌంట్ చేస్తే దొరుకుతాయి. నాలుగో కారణం మీ డ్రైవ్‌కు చాలినంత కరెంటు అందకపోవడం. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వవలసింది 500 మిల్లీ ఆంపియర్లే, పలుచని డీవీడీ డ్రైవ్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు అంతకన్నా ఎక్కువ లాగుతుంది. ఒకసారి మౌంట్ అయి మరోసారి కాకపోవడం, మధ్యలో డ్రైవ్ మాయమై మళ్లీ రావడం కనిపిస్తే డిస్కును అనుమానించే ముందు హబ్బు తీసేసి కంప్యూటర్ వెనుక పోర్టుకు తగిలించి చూడండి, లేదా రెండు పోర్టుల నుంచి కరెంటు తీసుకొనే వై కేబుల్ వాడండి.

ప్రశ్నార్థకాలుగా మారిన తెలుగు పేర్లు చూసి దిగులు పడ్డారని మీ ఉత్తరం చదివితే తెలుస్తుంది. పేర్లు డిస్కులో చెక్కుచెదరకుండానే ఉండి ఉంటాయి. ఐఎస్ఓ 9660 మొదటి రూపంలో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క, ఆ తర్వాత మూడు అక్షరాలు మాత్రమే, అవి కూడా ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, అంకెలు, కింది గీత. పొడుగు పేర్ల కోసం యూనిక్స్ వైపు నుంచి రాక్ రిడ్జ్, మైక్రోసాఫ్ట్ వైపు నుంచి జోలియట్ అనే చేర్పులు వచ్చాయి. విండోస్‌లో రాసిన మీ డిస్కులలో ఉన్నది జోలియట్, అది ప్రతి అక్షర సంకేతానికి రెండు బైట్ల యూనికోడ్ వాడుతుంది కనుక తెలుగు అందులో ఇమిడిపోతుంది. అయితే మౌంట్ చేసే సమయంలో ఆ యూనికోడ్‌ను ఏ అక్షర పద్ధతిలోకి మార్చాలో కెర్నెల్‌కు చెప్పకపోతే, కొన్ని వ్యవస్థలలో అది పాశ్చాత్య యూరప్ అక్షరాల పట్టికను పట్టుకొని, అందులో లేని ప్రతి తెలుగు అక్షరానికీ ప్రశ్నార్థకం పెడుతుంది. ‘-ఓ ఆర్ఓ,ఐఓక్యార్‌సెట్=యూటీఎఫ్8’ అని ఇచ్చి మౌంట్ చేయండి (‘క్యార్’ను సీ, హెచ్, ఏ, ఆర్ అని కొట్టాలి). డెస్క్‌టాప్ తానే మౌంట్ చేసినప్పుడు పేర్లు సరిగ్గా కనిపించి, మీరు చేతితో మౌంట్ చేసినప్పుడు చెడిపోవడానికి కారణం అది ఈ ఐచ్ఛికాన్ని చేర్చడమే. పేరు సగంలో తెగి ఉంటే మాత్రం అది రాసేటప్పుడే జరిగింది. జోలియట్ 64 సంకేతాలకు మించిన పేరును ఒప్పుకోదు, తెలుగులో గుణింతం, పొల్లు, ఒత్తు అన్నీ విడి సంకేతాలే కనుక ‘కృష్ణ’ అన్న రెండక్షరాల పేరే ఐదు సంకేతాలు తింటుంది.

ఇక్కడిదాకా మీరడిగిన వాటికి చెప్పాను. కాని ఇనుప పెట్టెల నిండా ఉన్న డిస్కులను ఒక్కొక్కటిగా మౌంట్ చేసి, ఫైళ్లు లాగి, అన్‌మౌంట్ చేసే పద్ధతినే మార్చుకొమ్మని నా గట్టి అభిప్రాయం. ఇంట్లో రాసుకునే సీడీలు, డీవీడీలలో సమాచారం ఒక సేంద్రియ రంగు పొరలో ఉంటుంది, వేడి, వెలుతురు దానిని పాడుచేస్తాయి. ఎండాకాలంలో 45 డిగ్రీలకు చేరే మన ప్రాంతంలో ఇనుప పెట్టెలో ఏండ్ల తరబడి ఉన్న డిస్కు ఇంకొకసారి మాత్రమే చక్కగా చదవబడవచ్చు. దెబ్బతిన్న డిస్కును మౌంట్ చేసి ఫైల్ మేనేజర్‌తో తెరిస్తే, అది చిన్న బొమ్మల కోసం డిస్కు అంతటా అటూ ఇటూ తిరుగుతుంది. చదవలేని చోట డ్రైవ్ పట్టుబట్టి ప్రయత్నిస్తూ ఉంటే, దాని కోసం ఎదురుచూసే ప్రోగ్రామ్‌ను చంపినా చావదు, అన్‌మౌంట్ కూడా అప్పటిదాకా ఆగిపోతుంది. మీరు రాసిన బిజీలలో కొన్ని ఇటువంటివే అయి ఉండవచ్చు.

అందుకని డిస్కును మౌంట్ చేయకుండానే దాని పూర్తి ప్రతిరూపాన్ని ఒక ఇమేజ్ ఫైలుగా తీసుకోండి. ‘డీడీరెస్క్యూ -బీ 2048 -ఎన్ /డెవ్/ఎస్ఆర్0’ తర్వాత ఇమేజ్ ఫైలు పేరు, దాని తర్వాత మ్యాప్ ఫైలు పేరు ఇస్తే, డేటా డిస్కు సెక్టార్ పరిమాణమైన 2048 బైట్ల కొలతలో సులువుగా చదవబడే భాగమంతా ముందు తీసుకుంటుంది. తర్వాత అవే పేర్లతో, ‘-ఎన్’ బదులు ‘-డీ -ఆర్3’ ఇచ్చి మళ్లీ నడిపితే మిగిలిన చోట్ల మాత్రమే ఇంకా ప్రయత్నిస్తుంది. మధ్యలో కరెంటు పోయినా, ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైలులో రాసి ఉంటుంది కనుక అక్కడి నుంచే కొనసాగించవచ్చు. అదే డిస్కును వేరే డ్రైవ్‌లో పెట్టి, అదే మ్యాప్ ఫైలుతో నడిపినప్పుడు, మొదటి డ్రైవ్ చదవలేకపోయిన సెక్టార్లను రెండోది చదివిన సందర్భాలు చాలా ఉంటాయి, తమ్ముడి డ్రైవ్‌ను అందుకు అడగండి. కొన్ని సీడీలలో చివరి రెండు సెక్టార్లు మాత్రమే చదవలేదని వస్తుంది. అది రాసిన పద్ధతి వల్ల మిగిలిన ఖాళీ భాగం, ‘ఐఎస్ఓసైజ్’ చెప్పే పరిమాణానికి మీ ఇమేజ్ తగ్గకుండా ఉంటే పోయిందేమీ లేదు. ఒక పొర డీవీడీకి గరిష్ఠంగా 4.7 గిగాబైట్లు కనుక వంద డీవీడీలకు 470 గిగాబైట్లు ఖాళీ చూసుకోండి.

పెట్టే ముందు డిస్కును మెత్తని నూలు గుడ్డతో మధ్య నుంచి అంచువైపు నేరుగా తుడవండి, గుండ్రంగా తుడవవద్దు. సీడీలో సమాచార పొర పేరు రాసే వైపు ఉపరితలానికి వెంటనే కింద ఉంటుంది కనుక మెరిసే వైపు కన్నా ఆ వైపు గీత పడితేనే ఎక్కువ నష్టం. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల నడుమ ఉంటుంది.

ఇమేజ్ తీసిన తర్వాత ‘సుడో మౌంట్ -ఓ లూప్,ఆర్ఓ,ఐఓక్యార్‌సెట్=యూటీఎఫ్8’ తర్వాత ఇమేజ్ పేరు, డైరెక్టరీ పేరు ఇస్తే అసలు డిస్కు ఉన్నట్టే తెరుచుకుంటుంది. ఇప్పుడు ఎన్నిసార్లు తెరిచినా అరిగేది ఏమీ లేదు, రెండు మూడు ఇమేజ్‌లను వేర్వేరు డైరెక్టరీల దగ్గర ఒకేసారి మౌంట్ చేసుకోవచ్చు. పని అయ్యాక ‘యూమౌంట్’ చేస్తే, ఇమేజ్ ఫైలును డిస్కులా చూపిన లూప్ పరికరం కూడా తనంతట తానే విడిపోతుంది. ప్రతిసారీ సుడో వద్దనుకుంటే, డిస్కు కోసం మౌంట్ల పట్టిక అయిన ‘/ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్’ ఫైలులో ఒక వరుస రాసి, ఐచ్ఛికాలలో ‘ఆర్ఓ,నోఆటో,యూజర్స్,ఐఓక్యార్‌సెట్=యూటీఎఫ్8’ ఇవ్వండి. చివర ఎస్ లేని ‘యూజర్’ ఇస్తే మౌంట్ చేసిన వాడుకరే అన్‌మౌంట్ చేయాలి, ‘యూజర్స్’ ఇస్తే మీరు మౌంట్ చేసినదానిని తమ్ముడు కూడా తీయగలడు.

తమ్ముడి ఫ్రీబీఎస్‌డీలో డ్రైవ్ పేరు ‘/డెవ్/సీడీ0’, ఫైల్ సిస్టమ్ రకం పేరు ‘సీడీ9660’. కనుక అక్కడ ‘మౌంట్ -టీ సీడీ9660 /డెవ్/సీడీ0 /ఎంఎన్‌టీ’ అని రూట్‌గా కొట్టాలి, యూడీఎఫ్ డిస్కుకైతే ‘-టీ యూడీఎఫ్’. బిజీ అని వస్తే ఎవరున్నారో ‘ఎఫ్‌స్టాట్ -ఎఫ్ /ఎంఎన్‌టీ’ చెబుతుంది, అన్‌మౌంట్ తర్వాత ‘క్యామ్‌కంట్రోల్ ఇజెక్ట్ సీడీ0’ ట్రే తెరుస్తుంది. ఇమేజ్ ఫైలును అక్కడ లూప్ ఐచ్ఛికంతో మౌంట్ చేయడం కుదరదు. ‘ఎండీకాన్ఫిగ్ -ఏ -టీ వీనోడ్ -ఎఫ్’ తర్వాత ఇమేజ్ పేరు ఇస్తే ‘ఎండీ0’ వంటి ఒక పరికరం పేరు చూపుతుంది, దానిని పై విధంగానే మౌంట్ చేసి, పని ముగిశాక ముందు ‘యూమౌంట్’, ఆ తర్వాత ‘ఎండీకాన్ఫిగ్ -డీ -యూ 0’ అనే క్రమంలో విడిపించాలి.